సాఫ్ మహిళల ఫుట్‌బాల్: వరుసగా ఐదు కప్పులు కొట్టిన మన జట్టుకి ఏమైంది?

మిడ్‌ఫీల్డ్_మాధవి
చాలా రోజులుగా మనసులో పెట్టుకున్న బాధ ఇది. 2010 నుంచి 2019 దాకా సాఫ్ (దక్షిణాసియా ఫుట్‌బాల్ సమాఖ్య) మహిళల ఛాంపియన్‌షిప్ ఐదుసార్లు జరిగితే ఐదూ మన ఇండియావే. కాక్స్ బజార్, కొలంబో, ఇస్లామాబాద్, సిలిగురి, బిరాట్‌నగర్. ఎక్కడ పెట్టినా కప్పు మన ఇంటికే వచ్చేది. అన్ని టోర్నీల్లో కలిపి ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు.

2022లో ఖాట్మండులో గ్రూప్ మ్యాచ్‌లోనే బంగ్లాదేశ్ 3-0తో కొట్టింది. సెమీస్‌లో నేపాల్ 1-0. సరే, ఏదో ఒక్కసారి అనుకున్నాను. 2024లో మళ్ళీ అదే ఖాట్మండు, గ్రూపులో బంగ్లాదేశ్ 3-1, సెమీస్‌లో నేపాల్ పెనాల్టీల్లో. రెండుసార్లూ ఫైనల్ గడప కూడా తొక్కలేదు. రెండు కప్పులూ బంగ్లాదేశ్‌వే.

ఓడినందుకు కాదు, ఎందుకు ఓడామని మనవాళ్ళు ఎవరూ అడగనందుకు నాకు ఎక్కువ బాధ. మన పేపర్లలో లోపలి పేజీలో ఓ మూల నాలుగు లైన్లు వేశారు. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. దయచేసి క్రికెట్ వైపు మాత్రం తీసుకెళ్ళకండి.

బంతి_భాస్కర్
మనం కిందకి జారామా, వాళ్ళు పైకి వచ్చారా? ఈ రెండూ వేరు. నా లెక్కలో రెండోదే ఎక్కువ.

హైదరీ_వింగర్
భాస్కర్ అన్నా, రెండూ ఒకేసారి జరిగినయ్. 2022 ఆగస్టులో ఫిఫా మన ఫెడరేషన్‌ను సస్పెండ్ చేసింది, గుర్తుందా? పది పన్నెండు రోజుల తర్వాత ఎత్తేసింది. సెప్టెంబర్‌లో ఈ టోర్నీ. అసలు ఆడతామో లేదో తెల్వకుండా ఉన్న జట్టు ఏం ఆడుతది? ఆ ఏడాది జనవరిలోనే సొంతగడ్డ మీద ఆసియా కప్ పెట్టుకుని, జట్టులో కొవిడ్ వచ్చి మధ్యలో తప్పుకోవాల్సి వచ్చింది. పాపం ఆ అమ్మాయిలకు 2022 అంతా దెబ్బ మీద దెబ్బే.

మిడ్‌ఫీల్డ్_మాధవి
వింగర్ గారు, ఆ కారణం 2022కి సరిపోతుంది. 2024కి? అప్పుడు సస్పెన్షన్ లేదు, కొవిడ్ లేదు.

ఉత్తరబెంగాల్_ఉద్యోగి
సిలిగురి పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నాను. అప్పట్లో నా పోస్టింగ్ అక్కడే. 2017 జనవరి 4న కాంచన్‌జంగా స్టేడియంలో బంగ్లాదేశ్‌తో 2016 టోర్నీ ఫైనల్ చూశాను. మనం 3-1తో గెలిచాం, అంకె చూస్తే తేలిగ్గా గెలిచినట్టే ఉంటుంది. కానీ హాఫ్ టైమ్‌కి 1-1. అంతకుముందు గ్రూప్ మ్యాచ్‌లో అదే బంగ్లాదేశ్‌తో 0-0. ఫైనల్లో రెండో సగంలో సస్మితా మాలిక్ పెనాల్టీ వేశాక గానీ మనకి ఊపిరి ఆడలేదు, తర్వాత ఇందుమతి మూడోది కొట్టింది.

నేను గమనించింది బంగ్లా పిల్లల వయసు. చాలామంది పదహారు, పదిహేడు మించి ఉండరు. మనవాళ్ళ భుజాల దాకా కూడా రావడం లేదు. అయినా బంతి పోగానే ముగ్గురు కలిసి మీద పడేవాళ్ళు, ఎవరు ఎటు వెళ్ళాలో ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేకుండా. నా పక్కన కూర్చున్న పెద్దాయన, స్థానిక క్లబ్బులో ఆడినవాడు, మ్యాచ్ అయ్యాక అన్న మాట ఒకటే. ఈ పిల్లలు విడిపోకుండా ఇంకో ఐదేళ్ళు ఆడితే మనకి కష్టమే అని. ఐదేళ్ళకే అయింది.

ఢాకాలో_ఉన్నా
పైన ఉద్యోగి గారు చెప్పిన "విడిపోకుండా" అన్నదే అసలు సంగతి. నేను బట్టల ఎగుమతి పని మీద ఢాకాలో ఉంటున్నాను, ఇక్కడి ఆఫీసులో అందరూ ఫుట్‌బాల్ పిచ్చివాళ్ళే. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఇక్కడ ప్రైమరీ స్కూలు ఆడపిల్లలకి దేశవ్యాప్తంగా ఒక టోర్నీ మొదలుపెట్టారు. ఊరి స్కూలు, ఉపజిల్లా, జిల్లా, అలా పైకి. మైమెన్‌సింగ్ జిల్లాలో కొల్సిందూర్ అని ఒక మారుమూల ఊరు. ఆ ఊరి స్కూల్లో మాస్టార్లు పట్టుబట్టి పిల్లలకి ఆట నేర్పారు. ఆ ఒక్క ఊరి నుంచే జాతీయ జట్టుకి బోలెడంతమంది వచ్చారు. సంజీదా అక్తర్ అక్కడి అమ్మాయే. ఋతుపర్ణ చక్మా, గోల్‌కీపర్ రూప్నా చక్మా రంగమాటి కొండల నుంచి, మోనికా చక్మా ఖాగ్రాఛరి నుంచి, సబీనా ఖాతూన్ సాత్‌ఖీరా నుంచి. ఎవరూ ఢాకా పిల్లలు కాదు.

తర్వాతది ముఖ్యం. అలా ఏరిన పిల్లల్ని ఫెడరేషన్ వాళ్ళు ఢాకా మోతీఝీల్‌లోని తమ భవనంలోనే పెట్టుకున్నారు. తిండి, పడక, చదువు, ఆట అన్నీ అక్కడే, ఏడాది పొడుగునా. గోలాం రబ్బానీ ఛోటన్ అనే ఒకే కోచ్ ఏళ్ళ తరబడి. ఆ పిల్లల దారి చూడండి. 2015లో ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) అండర్-14 ప్రాంతీయ కప్పు నేపాల్‌లో గెలిచారు. భూకంపం వల్ల ఆ ఫైనల్ నెలల తరబడి వాయిదా పడి డిసెంబర్‌లో జరిగింది. 2017లో సాఫ్ అండర్-15 ఫైనల్లో మనల్ని 1-0. 2018లో అండర్-18 కప్పు. 2021లో అండర్-19 ఫైనల్లో మళ్ళీ మనల్నే 1-0. పెద్ద కప్పు 2022లో వచ్చింది. అంటే ఆ జట్టు ఏళ్ళ తరబడి కలిసి తిని, కలిసి పడుకుని, కలిసి ఆడినది. మనవాళ్ళు టోర్నీకి ముందు కొన్నాళ్ళు మాత్రమే కలిసి క్యాంపు చేసి వెళ్ళారు. ఆ తేడా గ్రౌండ్‌లో కనపడకుండా ఎలా ఉంటుంది?

బంతి_భాస్కర్
ఇదే నేను చెప్పాలనుకున్నది. ఢాకా గారు నా పని తప్పించారు.

రూల్‌బుక్_రావు
ఏడాదంతా ఒక భవనంలో పిల్లల్ని పెట్టడం మన దేశానికి కుదిరే పని కాదు. మనది ఎంత పెద్ద దేశం. మణిపూర్ పిల్ల, ఒడిశా పిల్ల, తమిళనాడు పిల్ల, హర్యానా పిల్ల. వాళ్ళకి క్లబ్బులుంటాయి, కొందరికి పోలీసు ఉద్యోగాలుంటాయి, రైల్వే ఉద్యోగాలుంటాయి. మనకి కావాల్సింది గట్టి లీగ్, హాస్టల్ కాదు.

హైదరీ_వింగర్
నేను రావు గారి పక్షం. పైగా బంగ్లాదేశ్‌ను మరీ ఆకాశానికెత్తకండి. 2023లో ఒలింపిక్స్ క్వాలిఫయర్‌కి మయన్మార్ పంపడానికి డబ్బుల్లేవని వాళ్ళ ఫెడరేషన్ జట్టునే పంపలేదు. 2022లో ఓపెన్ టాప్ బస్సు ఎక్కించి ఊరేగించిన అమ్మాయిల్నే! ఆ తర్వాత కొన్నాళ్ళకే కోచ్ ఛోటన్ కూడా వెళ్ళిపోయిండు. 2025 మొదట్లో కొత్త కోచ్ పీటర్ బట్లర్ కింద ఆడేది లేదని పద్దెనిమిది మంది ప్రాక్టీస్ మానేసిన్రు. ఆ మోడల్‌నే మనం తెచ్చుకోవాల్నా?

ఢాకాలో_ఉన్నా
వింగర్ గారు చెప్పినవన్నీ నిజాలే, కాదనను. జీతాల గొడవలూ ఉన్నాయి. లీగ్ అయితే మనకన్నా బలహీనం. అందుకే సబీనా, సంజీదా ఇండియన్ విమెన్స్ లీగ్‌కి వచ్చి ఆడారు, సబీనా కిక్‌స్టార్ట్ క్లబ్బుకి, సంజీదా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకి. నేను వాళ్ళ ఫెడరేషన్‌ను పొగడటం లేదు. పిల్లలు ఎక్కువకాలం కలిసి ఆడితే ఏమవుతుందో చూపించాను, అంతే.

ఆ బస్సు గురించి ఒక మాట. 2022 ఫైనల్‌కి ముందు సంజీదా ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టు ఇక్కడ అందరినీ కదిలించింది. ఓపెన్ టాప్ బస్సులో ట్రోఫీతో నిలబడకపోయినా ఫర్వాలేదు, మమ్మల్ని నమ్మినవాళ్ళ కోసం గెలవాలి అన్న అర్థంలో రాసింది. గెలిచాక జనమే పట్టుబట్టి బస్సు పెట్టించారు. ఆ ఊరేగింపులోనే పైన అడ్డొచ్చిన హోర్డింగ్ తగిలి ఋతుపర్ణ తలకి గాయమై కుట్లు పడ్డాయి. ఆ అమ్మాయే రెండేళ్ళ తర్వాత ఫైనల్లో గెలుపు గోల్ కొట్టింది.

కొండదారి_కిరణ్
ఆ గోల్ నేను కళ్ళారా చూశాను. 2024 అక్టోబర్ 30, ఖాట్మండులోని దశరథ్ రంగశాల స్టేడియం. నేపాల్‌లో పని చేస్తున్న రోజులు. స్టేడియం కిక్కిరిసిపోయింది, గేటు బయట కూడా జనమే. మోనికా గోల్ కొడితే కాసేపట్లోనే నేపాల్ అమ్మాయి అమీషా కార్కీ సమం చేసింది. ఆ కాసేపటి గోలకి నా చెవులు గింగిరాలెత్తాయి.

తర్వాత ఎనభయ్యో నిమిషం దాటాక ఋతుపర్ణ ఎడమ పక్క నుంచి ఎడమ కాలితో లేపింది. క్రాస్ అనుకున్నాం అందరం. బంతి గాల్లో వంపు తిరిగి గోల్‌కీపర్ చెయ్యి దాటి లోపల పడింది. స్టేడియం మొత్తం ఒక్కసారి మూగబోయింది. నా ముందు వరుసలో ఒక నేపాలీ అమ్మాయి, మొహానికి జెండా రంగులు, అలాగే కూర్చుండిపోయి ఏడ్చింది.

మనం రెండుసార్లు ఓడినందుకు బాధపడుతున్నాం. నేపాల్ సంగతి చూడండి. 2010, 2012, 2014, 2019, 2022, 2024. ఆరు ఫైనల్స్ ఆడింది, ఆరూ ఓడింది. నాలుగు మన చేతిలో, రెండు బంగ్లా చేతిలో.

మిడ్‌ఫీల్డ్_మాధవి
ఆరు! ఇది చదివాక నా బాధ చిన్నదైపోయింది కిరణ్ గారు.

సుజాత_కె
నేపాల్ వాళ్ళు అంత నిలకడగా ఫైనల్‌కి ఎలా వస్తున్నారు? చిన్న దేశం కదా.

కొండదారి_కిరణ్
సుజాత గారు, అక్కడ ఆడపిల్లల ఫుట్‌బాల్ నడిచేది ఎక్కువగా డిపార్ట్‌మెంట్ జట్లతో. ఆర్మీ, పోలీస్, ఆర్మ్‌డ్ పోలీస్ ఫోర్స్. బాగా ఆడే పిల్లకి ఉద్యోగం వస్తుంది, జీతం వస్తుంది, గ్రౌండ్ ఉంటుంది, పొద్దున్నే ప్రాక్టీస్ ఉంటుంది. సబిత్రా భండారి, వాళ్ళు ముద్దుగా సాంబా అంటారు, అలా వచ్చి మన లీగ్‌లో గోల్స్ వరద పారించి, తర్వాత ఫ్రాన్స్‌లో గ్యాంగాంప్ క్లబ్బుకి ఆడింది.

రూల్‌బుక్_రావు
సాంబా పేరు ఎత్తారు కాబట్టి 2024లో నేపాల్‌తో ఆడిన ఆ సెమీ ఫైనల్ గురించి ఎవరూ మాట్లాడరేం? సంగీతా బాస్ఫోర్ గోల్ కొట్టి మనం 1-0 ముందున్నాం. మనవాళ్ళు ఇంకా సంబరం చేసుకుంటుండగానే నేపాల్ వాళ్ళు గబగబా సెంటర్ నుంచి మొదలుపెట్టి గోల్ కొట్టేశారు. రిఫరీ ఇవ్వలేదు. దాని మీద గంటకు పైగా ఆట ఆగిపోయింది.

రూల్ 8 స్పష్టంగా ఉంది. కిక్-ఆఫ్ అప్పుడు తన్నే మనిషి తప్ప అందరూ ఎవరి సగంలో వాళ్ళు ఉండాలి, ఎదుటివాళ్ళు బంతికి 9.15 మీటర్ల దూరంలో ఉండాలి, రిఫరీ సైగ చేయాలి. మనవాళ్ళు సర్దుకోకుండా అది చెల్లదు. రిఫరీ చేసింది సబబే.

కొండదారి_కిరణ్
నేను ఆ రోజూ స్టేడియంలోనే ఉన్నా. మా స్టాండ్‌లో అందరూ విజిల్ విన్నామనే అన్నారు. విజిల్ ఊదాక గోల్ ఇవ్వకపోతే ఆడేవాళ్ళకి కోపం రాదా?

రూల్‌బుక్_రావు
ఊదినా సరే కిరణ్ గారు, ఆటగాళ్ళు సగాల్లో లేకపోతే కిక్-ఆఫ్ మళ్ళీ తీయించాలి. తప్పు సైగ మీద ఉండొచ్చు, నిర్ణయం మీద కాదు.

హైదరీ_వింగర్
గోల్ సంగతి పక్కన పెట్టున్రి. అంతసేపు నిలబడ్డాక ఒళ్ళు చల్లబడిపోతది. ముందున్నది మనం, ఊపు మీదున్నది మనం. ఆట మళ్ళీ మొదలయ్యాక సాంబా సమం చేసింది, పెనాల్టీల్లో 4-2. ఆ ఆగుడే మనల్ని ముంచింది.

బంతి_భాస్కర్
అది సగమే నిజం వింగర్. చల్లబడింది రెండు జట్లూ. గంట ఆగి వచ్చాక మళ్ళీ పట్టు దొరకాలంటే, ఒకరి ఆట ఒకరికి కంఠతా వచ్చి ఉండాలి. మళ్ళీ ఢాకా గారి మాట దగ్గరికే వస్తున్నాం.

అండర్19_అభిమాని
ఆటలు ఆగిపోవడం గురించి మాట్లాడుతూ 2024 ఫిబ్రవరిలో ఢాకాలో మనకీ బంగ్లాదేశ్‌కీ జరిగిన సాఫ్ అండర్-19 ఫైనల్ మర్చిపోతే ఎలా! నాకైతే ఇప్పటికీ నమ్మకం కుదరదు. శిబానీ దేవి గోల్‌తో మనం ముందున్నాం, చివరి నిమిషాల్లో బంగ్లా అమ్మాయి సాగరిక సమం చేసింది. పెనాల్టీలు 11-11. గోల్‌కీపర్లతో సహా ఇరవై రెండు మందీ వేసేశారు, ఒక్కరూ మిస్ కాలేదు. అప్పుడు టాస్ వేశారు! నాణెం ఎగరేసి మనమే విజేతలన్నారు. మన పిల్లలు గెంతులు, వాళ్ళ పిల్లలు గ్రౌండ్ వదిలేది లేదని కూర్చున్నారు. ఆ తర్వాత మాట మార్చి మళ్ళీ పెనాల్టీలు వేయండన్నారు, మనవాళ్ళు రాలేదు. ఆఖరికి ఇద్దరికీ కలిపి కప్పు ఇచ్చారు.

రూల్‌బుక్_రావు
రూల్ 10. అందరూ ఒక రౌండు వేసేశాక మళ్ళీ మొదటి నుంచి వేయాలి, వరుస మార్చుకోవచ్చు కూడా. తేలేదాకా అంతే. టాస్ ఉన్నది ఏ గోల్ వైపు వేయాలి, ఎవరు ముందు వేయాలి అన్నదానికే. విజేతను టాస్‌తో తేల్చడం పెనాల్టీ షూటౌట్ రాకముందు సంగతి. 1968 యూరో సెమీస్‌లో ఇటలీ సోవియట్ యూనియన్ మీద అలాగే గెలిచింది.

సుజాత_కె
పందొమ్మిదేళ్ళు నిండని పిల్లలు ఇరవై రెండు మంది టెన్షన్‌లో ఒక్కటి కూడా తప్పకుండా కొట్టారంటే ఎంత గొప్ప! పెద్దవాళ్ళు రూల్ పుస్తకం తెరిచి చూడనందుకు వాళ్ళ కష్టం గొడవ కింద మిగిలింది. ఆ పిల్లలందరికీ నా దండం.

బంతి_భాస్కర్
రావు గారి దగ్గర రూల్ పుస్తకం దిండు కింద ఉంటుందేమో, అడిగిన మరుక్షణం పేజీతో సహా చెప్తారు. ఆ రోజు ఢాకాలో మీరు ఉండాల్సింది సార్.

రూల్‌బుక్_రావు
దిండు కింద కాదు, ఫోన్‌లో 😄

పీఈటీ_సార్_ఇందూరు
ఇప్పటిదాకా చదువుతూ ఉన్న. ఇప్పుడు కింది నుంచి ఎట్ల ఉంటదో చెప్త. ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీగా చేస్తున్న, నిజామాబాద్ జిల్లా. గుగులోత్ సౌమ్య మా జిల్లా బిడ్డ. తండా నుంచి పోయి ఇండియాకు ఆడింది, క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్ క్లబ్బుల చేరింది, ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. 2022 సాఫ్‌ల మాల్దీవుల మీద 9-0 గెలిచిన మ్యాచ్‌ల ఆమె గోల్ కూడా ఉన్నది. మా పిల్లలకు ఆమె ఫోటో చూపిస్తే చాలు, ఆ రోజు గ్రౌండ్ మీదికెళ్ళి ఇంటికి పోరు.

కానీ ఏడో తరగతిల పదిహేను మంది వస్తే పదో తరగతికి ముగ్గురు మిగుల్తరు. ఆటకు కావల్సినవి చెప్తే మీకు నవ్వు రాదు, బాధయితది. మా దగ్గర ఒక పిల్ల వాళ్ళన్న స్టడ్స్ (ఫుట్‌బాల్ బూట్లు) వేసుకొని ఆడుతది. రెండు సైజులు పెద్దవి. ముందట పాత చున్నీ ముక్కలు కుక్కి, మీదికెళ్ళి లేసు కాలి చుట్టూ రెండు చుట్లు కట్టి ముడేస్తది. అట్లనే జోనల్‌ల రెండు గోల్స్ కొట్టింది. సౌమ్య కూడా ఇట్లాంటి దిక్కు నుంచే పోయింది. మీరు హాస్టలా లీగా అని కొట్లాడుతున్నరు. రెండూ తర్వాత. పదమూడు నుంచి పదహారు ఏండ్ల మధ్య ఆ పిల్ల ఆట మానకుండ చూసేటోళ్ళు ఎవరు?

మిడ్‌ఫీల్డ్_మాధవి
సార్, ఈ పోస్టు నాలుగుసార్లు చదివాను.

సుజాత_కె
పీఈటీ సార్ చెప్పింది నా ఇంటి కథే. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, లెఫ్ట్ బ్యాక్ ఆడుతుంది. మా ఆయనా నేనూ ఒప్పుకున్నా చుట్టాలు ఒప్పుకోరు. ఎండలో నల్లబడిపోతోంది, మోకాలి మీద ఆ మచ్చలేంటి, రేపు సంబంధాలు ఎలా వస్తాయి. పెళ్ళికి వెళ్తే ఇవే మాటలు. మొన్న ఒక సెలక్షన్స్‌కి తీసుకెళ్ళాను. పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం దాకా ఆడపిల్లలు, అక్కడ బట్టలు మార్చుకోవడానికి గది లేదు, బాత్రూమ్‌కి తాళం. మేం తల్లులం నలుగురం చీర అడ్డంపెట్టి నిలబడ్డాం. తాళం చెవి ఎవరి దగ్గరుందో అక్కడ ఒక్కరికీ తెలియదు. అలాంటి చోటికి రెండోసారి పంపాలంటే ఏ తల్లికైనా గుండె ధైర్యం కావాలి. నేను పంపుతాను, అది వేరే సంగతి.

అనంత_ఆట
సుజాత అక్కా, మీకు హ్యాట్సాఫ్. మా అనంతపురంలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ళ అకాడమీ ఉంది కదా, అక్కడ ఆడపిల్లలకి ఫుట్‌బాల్ ఏళ్ళ నుంచి నేర్పిస్తున్నారు, స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లా లీగా వాళ్ళు సాయం కూడా చేశారు. నేను చూసినంతలో అక్కడ పిల్లలు నిలవడానికి కారణం పెద్ద పెద్ద కోచ్‌లు కాదు. పల్లె నుంచి వచ్చిన పిల్లకి ఉండే చోటు, తినే తిండి, చదువు, భద్రత ఉన్నాయి. అవి ఉంటే అమ్మానాన్నలు పంపుతారు. అంటే పీఈటీ సార్ ప్రశ్నకీ, ఢాకా గారి మోతీఝీల్ భవనానికీ జవాబు ఒకటే.

రూల్‌బుక్_రావు
ఆ వయసు వరకైతే ఒప్పుకుంటాను. పదమూడు, పదహారు మధ్య హాస్టల్ ఉండాల్సిందే. ఆ పైన లీగ్. 2016-17లో మన మహిళల లీగ్ మొదలైనప్పుడు ఫైనల్ రౌండుకి ఆరు జట్లు, అన్నీ ఢిల్లీలో ఒకే చోట, మూడు వారాల్లో అయిపోయింది. 2023-24 నుంచి గానీ సొంత ఊళ్ళో ఒకటి, అవతలి ఊళ్ళో ఒకటి ఆడే పద్ధతి రాలేదు. ఏడాదిలో మూడు వారాలు ఆడే పిల్ల, ఆరు నెలలు ఆడే పిల్ల ఒకటెలా అవుతారు?

పాతతరం_ప్రేక్షకుడు
కొంచెం వెనక్కి వెళ్తాను. సాఫ్ కప్పు రాకముందే మన ఆడవాళ్ళు ఆసియాలో రెండో స్థానంలో నిలిచారు. 1979లో కోళికోడ్‌లో ఒకసారి, 1983లో థాయ్‌లాండ్‌లో ఇంకోసారి. అప్పట్లో మహిళల ఫుట్‌బాల్‌కి 1975లో పెట్టిన వేరే సంఘం ఉండేది. తర్వాత ఎన్నేళ్ళు పట్టించుకోలేదో లెక్కపెట్టండి. మన హైదరాబాద్ రహీం సాబ్ శిక్షణలో మగవాళ్ళు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారం తెస్తే ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటాం. 1979 అమ్మాయిల పేర్లు ఒక్కటైనా మన పిల్లలకి తెలుసా?

అండర్19_అభిమాని
తాతగారూ, ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. ఇంకా రాయండి.

బంతి_భాస్కర్
పక్క దేశాలు ఎలా ఎదిగాయో తెలియాలంటే భూటాన్ చాలు. 2010లో మన చేతిలో 18-0. 2022లో, 2024లో సెమీ ఫైనల్. బంగ్లా చేతిలో ఘోరంగానే ఓడింది, కానీ సెమీస్ దాకా వచ్చింది. పాకిస్తాన్ ఎనిమిదేళ్ళ విరామం తర్వాత 2022లో తిరిగొచ్చి మాల్దీవులను 7-0 కొట్టింది. ఇక మన వాటాకి కప్పు రాసిపెట్టి ఉండదు. అది టోర్నీకి మంచిదే.

సుజాత_కె
అఫ్గానిస్తాన్ కూడా ఆడేది కదా?

ఢాకాలో_ఉన్నా
2010 నుంచి 2016 టోర్నీ దాకా ఆడారమ్మా. వాళ్ళ ఫెడరేషన్ మధ్య ఆసియా సమాఖ్య వైపు వెళ్ళింది. 2021లో తాలిబన్లు వచ్చాక ఆ అమ్మాయిల్లో చాలామంది దేశం వదిలి ఆస్ట్రేలియా చేరారు, మెల్‌బోర్న్ విక్టరీ క్లబ్ వాళ్ళకి జట్టుగా ఆడే వీలు కల్పించింది. సిలిగురిలో అఫ్గానిస్తాన్ మనతో కూడా ఆడింది.

ఉత్తరబెంగాల్_ఉద్యోగి
అవును, నేను చూశాను వాళ్ళని. కొందరు తలకి బిగుతుగా గుడ్డ కట్టుకుని ఆడారు. ఆరు గోల్స్ పడినా గోల్‌కీపర్ ఆఖరిదాకా అరుస్తూ డిఫెన్స్‌ను సర్దుతూనే ఉంది.

హైదరీ_వింగర్
అందరూ బాధే చెప్తున్రు. 2025 జులై 5 ఎవరికీ గుర్తులేదా? చియాంగ్ మాయ్! థాయ్‌లాండ్ సొంతగడ్డ మీద 2-1. సంగీతా బాస్ఫోర్ రెండు గోల్స్. 2024 సాఫ్ సెమీస్‌ల కొట్టిన అదే సంగీత. ఆసియా కప్‌కి క్వాలిఫయింగ్ ఆడి గెలిచి పోవడం మనకు మొదటిసారి. ఆస్ట్రేలియాల జపాన్, వియత్నాం, చైనీస్ తైపీ ఉన్న గ్రూపు పడ్డది.

మిడ్‌ఫీల్డ్_మాధవి
ఆ మ్యాచ్ ఆఖరి పది నిమిషాలు నేను నిలబడే చూశాను! సాఫ్‌లో ఫైనల్‌కి రాని జట్టు తొమ్మిది నెలల్లో థాయ్‌లాండ్‌ను ఎలా కొట్టింది?

ఢాకాలో_ఉన్నా
దానికి ముందు బెంగళూరులో యాభై రోజులకి పైగా క్యాంపు పెట్టారు, కోచ్ క్రిస్పిన్ ఛెత్రి. ఇంకేం చెప్పను? అదే వారం యాంగోన్‌లో బంగ్లాదేశ్ కూడా మయన్మార్‌ను 2-1 కొట్టి మొదటిసారి ఆసియా కప్‌కి వెళ్ళింది. రెండు గోల్సూ ఋతుపర్ణవే. ఖాట్మండులో మనల్ని ఏడిపించినవాళ్ళు, మనమూ ఒకే వారంలో ఒకే మెట్టు ఎక్కాం.

రూల్‌బుక్_రావు
యాభై రోజుల క్యాంపు పని చేసింది, ఒప్పుకుంటున్నా. కానీ క్లబ్బులు ప్రతిసారీ అన్ని రోజులు పిల్లల్ని వదలవు. లీగ్ క్యాలెండర్ ముందే వేసి, జాతీయ క్యాంపుకి ఖాళీ వదిలితేనే ఇది నిలుస్తుంది. లేదంటే ఒక్క ఏడాది ముచ్చటే.

బంతి_భాస్కర్
దీని మీద మాత్రం మీతో గొడవ లేదు సార్.

పీఈటీ_సార్_ఇందూరు
ఒక సాయం కావాలె. పైన చెప్పిన చున్నీ ముక్కల పిల్లకు అండర్-17 ట్రయల్స్‌కు పంపాలని ఉన్నది. ఏమేం కాయితాలు సిద్ధం చేసుకోవాలె?

అనంత_ఆట
సార్, ముందు జనన ధ్రువపత్రం చూసుకోండి. అది ఆలస్యంగా తీసుకున్నదైతే చాలా చోట్ల గొడవ పెడతారు. ఆధార్‌లో, స్కూల్ రికార్డులో పుట్టిన తేదీ, ఇంటిపేరు ఒకేలా ఉండాలి, అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేయించండి. ఫెడరేషన్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ జిల్లా సంఘం ద్వారానో క్లబ్ ద్వారానో చేయించాలి, అందుకని ముందు మీ జిల్లా సెక్రటరీని కలవండి. ఫోటోలు ఓ పది పెట్టుకోండి.

సుజాత_కె
సార్, ఆ పాప కాలి సైజు ఎంత? మా అమ్మాయివి పాదం పెరిగి బిగుతైపోయిన జత ఉంది, ఒక్క సీజనే వాడింది. నంబర్ 4.

పీఈటీ_సార్_ఇందూరు
నాలుగే అమ్మా. రేపు బడిల కాలు పెట్టించి మళ్ళొకసారి కొలిచి చెప్త.